జనరల్ జె.ఎన్. చౌదరి: హైదరాబాద్‌ను ఐదు రోజుల్లో గెలిచి, పదిహేను నెలలు ఏలిన సేనాని

రాయ్‌పూర్: బస్తర్‌లో పెద్ద ఎదురుకాల్పులు జరిగిన ప్రతిసారీ ఇక్కడి టీ కొట్ల దగ్గర ఒకే ప్రశ్న వినిపిస్తుంది. సైన్యాన్ని ఎందుకు దించరు? 2010 ఏప్రిల్‌లో తాడ్‌మెట్ల దగ్గర 76 మంది జవాన్లు చనిపోయినప్పుడు ఇదే అడిగారు. 2013 మేలో జీరమ్ ఘాటీలో కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్‌పై దాడి జరిగినప్పుడూ ఇదే అడిగారు. కేంద్రంలో ఏ పార్టీ ఉన్నా జవాబు మాత్రం మారలేదు. పోరాడేది కేంద్ర సాయుధ పోలీసు బలగాలు, రాష్ట్ర పోలీసులే. సైన్యం పని శిక్షణ, సలహా వరకే. కాంకేర్‌లో 2005లో మొదలైన జంగిల్ వార్‌ఫేర్ కాలేజీని ఒక రిటైర్డ్ బ్రిగేడియర్ నిలబెట్టారు. కానీ అక్కడ తర్ఫీదు పొంది అడవిలోకి వెళ్లేది పోలీసులు.

ఇక్కడ పనిచేసే తెలుగు రిపోర్టర్‌కు ఈ ప్రశ్న వింటే వేరే ఊరు, వేరే కాలం గుర్తుకొస్తాయి. స్వతంత్ర భారతంలో కమ్యూనిస్టు గెరిల్లాల మీదకు సైన్యాన్ని నేరుగా పంపిన సందర్భం ఒకటుంది. అది తెలంగాణ. 1948 సెప్టెంబర్‌లో నిజాం సంస్థానంలోకి వచ్చిన సైన్యం, నిజాం లొంగిపోయాక కూడా వెనక్కి వెళ్లలేదు. పల్లెల్లో క్యాంపులు వేసింది. ఆ సైన్యాన్ని నడిపించిన అధికారి చేతికే రాష్ట్ర పాలన కూడా వచ్చింది.

ఆయన పేరు జయంతనాథ్ చౌదరి. తర్వాత భారత సైన్యానికి అధిపతి అయ్యారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాన్ని నడిపించారు. తెలుగు నేల మీద మాత్రం ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేది ఐదు రోజుల పోలీసు చర్య, జనరల్ ఎల్ ఎద్రూస్ లొంగిపోతున్న ఆ ఫొటో. ఆ ఫొటో తర్వాత గడిచిన పదిహేను నెలల గురించి మాట్లాడుకునేది చాలా తక్కువ. రాయ్‌పూర్‌లో అడుగుతున్న ప్రశ్నకు జవాబు వెతకాలంటే ఆ పదిహేను నెలల్లోనే వెతకాలి.

బెంగాలీ చౌదరి

చౌదరి అన్న పేరు చూసి మనవాడేమో అనుకున్న తెలుగువాళ్లు లేకపోలేదు. ఆయన బెంగాలీ. 1908 జూన్ 10న పుట్టారు. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న పాబ్నా జిల్లాలోని హరిపూర్ జమీందారుల కుటుంబం వాళ్లది. ఇంట్లో బారిస్టర్లు ఎక్కువ. కాంగ్రెస్ పార్టీ తొలి అధ్యక్షుడు ఉమేశ్ చంద్ర బెనర్జీ ఆయనకు తల్లి వైపు తాత. హిందీ సినిమా తొలి తరం తార దేవికారాణి వరసకు సోదరి. ఇలాంటి ఇంటి నుంచి లా కోర్టుకు వెళ్లడం మామూలు. ఈయన లండన్‌లోని హైగేట్ స్కూల్‌లో చదివి, అక్కడి నుంచి శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు వెళ్లారు. సైన్యంలో స్నేహితులు ఆయన్ను ముచ్చూ అని పిలిచేవారు.

1928లో ఆయనకు కమిషన్ వచ్చింది. ఏడాది పాటు ఒక బ్రిటిష్ రెజిమెంట్‌లో పనిచేసి, 7వ లైట్ కావల్రీలో చేరారు. అప్పట్లో భారతీయ అధికారులు ఏ యూనిట్‌లో పడితే ఆ యూనిట్‌లో చేరడానికి వీలుండేది కాదు. 1923లో బ్రిటిష్ ప్రభుత్వం ఎనిమిది యూనిట్లను భారతీయ అధికారుల కోసం పక్కన పెట్టింది. పైకి చెప్పిన మాట సైన్యాన్ని భారతీయం చేయడమని. అసలు లెక్క ఏమిటంటే, బ్రిటిష్ అధికారి ఎవరూ భారతీయుడి కింద పనిచేయాల్సిన అవసరం రాకూడదని. స్వాతంత్ర్యం తర్వాత మన సైన్యాన్ని నడిపిన తొలి తరం అధిపతుల్లో చాలామంది ఈ ఎనిమిది యూనిట్లలోనే తయారయ్యారు. హైదరాబాద్‌లో నిజాం వైద్యుడి కొడుకుగా పెరిగిన ఎస్.ఎం. శ్రీనగేశ్ కూడా ఆ దారిలోనే వచ్చి 1955లో సైన్యాధిపతి అయ్యారు.

రెండో ప్రపంచ యుద్ధం చౌదరిని చాలా దేశాలు తిప్పింది. ఐదో భారత డివిజన్‌తో సూడాన్, ఎరిత్రియా, అబిసీనియా, ఉత్తర ఆఫ్రికా ఎడారి చూశారు. ఆ తర్వాత క్వెట్టా స్టాఫ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. 1944, 45లలో 16వ లైట్ కావల్రీకి కమాండర్‌గా బర్మాలో పోరాడారు. పాత మద్రాసు సైన్యంలో పుట్టిన రెజిమెంట్ అది. యుద్ధం ముగిశాక బ్రిగేడియర్‌గా మలయాలో పరిపాలన వ్యవహారాలు చూశారు. జపాన్ ఆక్రమణ నుంచి అప్పుడే బయటపడ్డ దేశం. తిండి, రవాణా, శాంతిభద్రతలు, అన్నీ సైన్యం నెత్తిన పడ్డ రోజులు. సైనికుడు ఆఫీసు ఫైళ్లు చూడడం ఎలా ఉంటుందో ఆయన నేర్చుకున్నది అక్కడే. రెండేళ్లలో ఆ అనుభవం వేరే చోట పనికొచ్చింది.

ఐదు రోజులు

1947 నవంబర్‌లో చౌదరి ఢిల్లీలో సైనిక కార్యకలాపాల డైరెక్టర్ అయ్యారు. మరుసటి సంవత్సరం మేజర్ జనరల్ హోదా వచ్చింది. 1948 మేలో 1వ ఆర్మర్డ్ డివిజన్ పగ్గాలు అందాయి. అప్పటికి ఆయన వయసు దాదాపు నలభై.

హైదరాబాద్ సంస్థానంతో ఏడాది కోసం చేసుకున్న యథాతథ ఒప్పందం అప్పటికే చిక్కుల్లో పడింది. కాసిం రజ్వీ రజాకార్లు పల్లెల మీద పడుతున్నారు. నల్లగొండ, వరంగల్ జిల్లాల్లో సంఘం పోళ్లు దొరల భూములు పంచుతున్నారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక మొదలైన పోరాటం అప్పటికి రెండేళ్లు దాటింది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. దక్షిణ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ రాజేంద్రసింహ్‌జీ పైన ఉన్నారు. షోలాపూర్ వైపు నుంచి వచ్చిన ప్రధాన దళం చౌదరిది. విజయవాడ వైపు నుంచి వచ్చింది మేజర్ జనరల్ ఎ.ఎ. రుద్ర దళం. చౌదరి ట్యాంకులు మొదటి రోజే నల్‌దుర్గ్ దాటాయి. నిజాం రెగ్యులర్ సైన్యం సుమారు 22 వేలు. దాని దగ్గర ఈ ట్యాంకులను ఆపగల ఆయుధాలు లేవు. రజాకార్ల దగ్గర అంతకన్నా తక్కువ. సెప్టెంబర్ 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు. మరుసటి రోజు నగర శివార్లలో ఎల్ ఎద్రూస్ వచ్చి చౌదరికి లొంగిపోయారు.

సైనికంగా చూస్తే ఇది పెద్ద యుద్ధం కాదు. రెండు పక్షాల బలాల్లో పోలికే లేదు. దీన్ని యుద్ధం అనకుండా పోలీసు చర్య అనడం వెనక రాజకీయ కారణం ఉంది. హైదరాబాద్ అప్పటికే ఐక్యరాజ్యసమితి గడప తొక్కింది. రెండు దేశాల మధ్య యుద్ధం అన్న మాట ఢిల్లీ నోటి నుంచి రాకూడదు. ఆ పేరుతో ఇంకో చిక్కు కూడా వచ్చింది. యుద్ధం అయితే గెలిచాక ముగుస్తుంది. పోలీసు పనికి అలాంటి ముగింపు ఉండదు.

సైనిక గవర్నర్

లొంగుబాటు అయిన వెంటనే చౌదరి హైదరాబాద్ సైనిక గవర్నర్ అయ్యారు. నిజాం పదవిలోనే ఉన్నారు. అధికారాలన్నీ ఫర్మానా ద్వారా సైనిక గవర్నర్‌కు దఖలు పడ్డాయి. కాగితం మీద చౌదరి నిజాం పేరుతో పాలించారు. ఆచరణలో ఢిల్లీ నుంచి సర్దార్ పటేల్ చెప్పినట్టు నడిచారు. పౌర పరిపాలనకు డి.ఎస్. బఖలే అనే ఐ.సి.ఎస్. అధికారి తోడుగా ఉన్నారు. చట్టసభ లేదు, మంత్రివర్గం లేదు. సైనిక గవర్నర్ సంతకం పెడితే అదే చట్టం.

ఆ సంతకంతో జరిగిన మంచి పనులున్నాయి. 1949 ఫిబ్రవరిలో నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫ్‌-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. అదే ఏడాది ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. ఈ రెండు రకాల భూములు కలిపితే సంస్థానంలో సుమారు 40 శాతం. తరతరాలుగా అక్కడి రైతు శిస్తు కట్టింది జాగీర్దారుకే తప్ప సర్కారుకు కాదు. ఎన్నికైన ప్రభుత్వానికి ఏళ్లు పట్టే పని, ఒక సైనికుడి సంతకంతో నెలల్లో అయిపోయింది. అయితే నల్లగొండ, వరంగల్ పల్లెల్లో రైతు తిరగబడింది ప్రధానంగా దేశ్‌ముఖ్‌ల మీద. వాళ్ల భూముల జోలికి ఈ రెగ్యులేషన్ వెళ్లలేదు.

పాలనా యంత్రాంగంలో కూడా మార్పు వచ్చింది. ఉర్దూలో నడిచే దఫ్తర్లను నడపడానికి మద్రాసు, బొంబాయి రాష్ట్రాల నుంచి అధికారులు వచ్చారు. పాత ఉద్యోగులు చాలామంది పోయారు. బయటి నుంచి వచ్చిన వాళ్లలో తెలుగువాళ్లూ ఎక్కువే. అప్పుడు పడిన ఆ విత్తనమే 1952లో ముల్కీ ఆందోళనగా మొలిచింది. ఆ తర్వాత 1969లో, ఇంకా తర్వాత ఏం జరిగిందో తెలుగు పాఠకులకు చెప్పనక్కర్లేదు.

ఎవరూ ఒప్పుకోని లెక్క

పోలీసు చర్య జరుగుతున్నప్పుడు, ఆ తర్వాతి వారాల్లో సంస్థానంలోని ముస్లింల మీద పెద్ద ఎత్తున దాడులు జరిగాయి. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో పరిస్థితి అతి ఘోరం. రజాకార్ల దురాగతాలకు పగ అన్న పేరుతో, రజాకార్లతో ఏ సంబంధం లేని చేతిపనుల వాళ్లు, చిన్న రైతులు, ఆడవాళ్లు, పిల్లలు బలయ్యారు.

వార్తలు ఢిల్లీకి చేరాక ప్రధాని నెహ్రూ పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తదితరులతో ఒక బృందాన్ని పంపారు. 1948 చివర్లో ఆ బృందం జిల్లాలు తిరిగింది. మృతుల సంఖ్య 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటుందని అంచనా వేసింది. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు ఈ దాడుల్లో పాలుపంచుకున్నారని, జనాన్ని ఉసిగొల్పారని కూడా రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. అది మామూలు పాఠకుడికి అందుబాటులోకి వచ్చింది 2013లో, అరవై ఐదేళ్ల తర్వాత. ఆ అంకెను ప్రభుత్వం ఎప్పుడూ ఒప్పుకోలేదు. వేరే అంకె ఏదీ చెప్పనూ లేదు.

ఇదే నివేదిక చౌదరి గురించి మంచి మాట రాసింది. మతద్వేషం లేని సైనికుడని, క్రమశిక్షణ గల మనిషని ఆయన్ను మెచ్చుకుంది. ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి చదివితేనే అసలు సమస్య అర్థమవుతుంది. పైన ఉన్న సేనాని మంచివాడు. కింద కొన్ని ఊళ్లలో ఆయన యూనిఫాం వేసుకున్నవాళ్లు నేరం చేశారు, లేదా చూస్తూ ఊరుకున్నారు. కోర్టు మార్షల్ అధికారం, గవర్నర్ అధికారం, రెండూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. ఫిర్యాదు చేయాలంటే ఆయనకే చేయాలి, ఆయన సైన్యం మీదే చేయాలి. సేనాని వ్యక్తిత్వం ఎంత గొప్పదైనా ఈ ఏర్పాటులోని లోపాన్ని అది పూడ్చలేదు.

నల్లగొండ దారిలో

రజాకార్లు పోయాక సైన్యం తుపాకులు సంఘం వైపు తిరిగాయి. కమ్యూనిస్టు పార్టీలో కూడా అప్పుడు తగాదా నడిచింది. నిజాం పోయాడు కనుక ఆయుధాలు దించాలని రావి నారాయణరెడ్డి లాంటి వాళ్లు అన్నారు. పోరాటం సాగించాలన్న వాదన నెగ్గింది. దళాలు మైదానాల నుంచి గోదావరి అడవుల వైపు జరిగాయి.

1951 అక్టోబర్‌లో పోరాట విరమణ దాకా నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతులు చనిపోయారని పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో లెక్క చెప్పారు. పది వేల మందికి పైగా జైళ్లు, క్యాంపుల్లో ఉన్నారని రాశారు. అడవి పల్లెల్లోని కోయ కుటుంబాలను ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టడం గురించి కూడా రాశారు. ఇది పోరాటాన్ని నడిపిన పార్టీ నాయకుడి లెక్క అన్నది గుర్తుంచుకోవాలి. ఊరొదిలి పారిపోయిన దొరలు సైన్యం వెనకాలే తిరిగొచ్చారన్నది మాత్రం తెలంగాణ పల్లెల్లో అందరికీ తెలిసిన మాట.

సైనిక గవర్నర్ రెగ్యులేషన్ కింద ప్రత్యేక ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. 1949లో నల్లగొండలో కూర్చున్న ట్రిబ్యునల్ సంఘం కార్యకర్తలకు మరణశిక్షలు వేసింది. ఆ కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. వాదించడానికి లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చారు. రాజ్యాంగం అమల్లోకి రాకముందు జరిగిన విచారణలకు రాజ్యాంగ హక్కులు వర్తించవని కోర్టు 1951లో తేల్చింది. శిక్షలు చివరికి యావజ్జీవంగా మారాయి. ఉరి అమలు కాలేదు. ఆ కేసు పేరు, జనార్దన్ రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం, ఇప్పటికీ న్యాయ విద్యార్థుల పుస్తకాల్లో ఉంటుంది.

1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు గెలిచారు. సైన్యం దళాలను చెదరగొట్టగలిగింది. ఆ పల్లెల మనసు మార్చలేకపోయిందని ఆ ఓట్లు చెప్పాయి.

దిగిపోయిన మనిషి

చౌదరి గురించి న్యాయంగా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. ఆయన కుర్చీ దిగిపోయారు. 1949 చివరితో సైనిక పాలన ముగిసింది. 1950 జనవరి 26న ఐ.సి.ఎస్. అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. అదే దశాబ్దంలో మన చుట్టూ ఉన్న దేశాల్లో జనరళ్లు ఏం చేశారో చూస్తే ఇది చిన్న విషయం కాదని తెలుస్తుంది. పాకిస్తాన్‌లో 1958లో అయూబ్ ఖాన్ అధికారం చేజిక్కించుకున్నారు. బర్మాలో నె విన్ అదే ఏడాది ఒకసారి, 1962లో ఇంకోసారి గద్దెనెక్కారు. ఒక పెద్ద రాష్ట్రాన్ని ఏకచ్ఛత్రంగా ఏలిన అనుభవం ఉన్న జనరల్ మన దగ్గర మళ్లీ బ్యారక్‌కు వెళ్లి, మామూలు పోస్టింగుల్లో పనిచేశారు.

దీనికి వ్యక్తి స్వభావం ఒక కారణమైతే, వ్యవస్థ ఇంకో కారణం. బ్రిటిష్ కాలంలో కమాండర్‌-ఇన్‌-చీఫ్ అంటే వైస్రాయ్ తర్వాత రెండో మనిషి. స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ ప్రభుత్వం ఆ ప్రాముఖ్యాన్ని తగ్గిస్తూ వచ్చింది. 1955 ఏప్రిల్ 1 నుంచి ఆ పదవి పేరే పోయింది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళాలకు ముగ్గురు సమాన అధిపతులు మిగిలారు. వాళ్ల పైన రక్షణ మంత్రి, మంత్రివర్గం. సర్వసేనాని పేరు రాష్ట్రపతిది. మూడు దళాలకూ కలిపి చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ అనే పదవి మళ్లీ వచ్చింది 2020లోనే.

1961 డిసెంబర్‌లో గోవాలోకి సైన్యం వెళ్లినప్పుడు దక్షిణ కమాండ్ అధిపతి చౌదరే. పోర్చుగీసు వాళ్ల 450 ఏళ్ల పాలన ఒకటిన్నర రోజులో ముగిసింది. అక్కడ కూడా ఒక సైనిక గవర్నర్‌ను పెట్టారు, మేజర్ జనరల్ కె.పి. క్యాండెత్‌ను. కానీ ఆయన పాలన ఆరు నెలలు కూడా నడవలేదు. 1962 జూన్‌లో పౌర అధికారి వచ్చేశారు. హైదరాబాద్‌కు పట్టిన కాలంలో సగం కన్నా తక్కువ.

ఓడిన సైన్యానికి అధిపతి

1962 నవంబర్‌లో చైనా దెబ్బకు ఈశాన్యంలో మన సైన్యం చెల్లాచెదురైంది. సైన్యాధిపతి పి.ఎన్. థాపర్ తప్పుకున్నారు. నవంబర్ 20న ఆ బాధ్యత చౌదరి చేతికి వచ్చింది. మరుసటి రోజు చైనా తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించింది. అంటే చౌదరికి దొరికింది యుద్ధం కాదు, యుద్ధం మిగిల్చిన శిథిలం. అప్పుడు ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా రాజ్‌భవన్‌లో ఉన్నది మాజీ సైన్యాధిపతి శ్రీనగేశ్.

తర్వాతి మూడేళ్లు ఆయన చేసిన పనికి పెద్దగా ఫొటోలు లేవు. పర్వతాల్లో పోరాడేందుకు ప్రత్యేక డివిజన్లు తయారయ్యాయి. సైన్యాన్ని 8 లక్షల 25 వేలకు పెంచే ఐదేళ్ల ప్రణాళిక అమల్లోకి వచ్చింది. ఉన్ని కోట్లు, బూట్లు, రైఫిళ్లు, మంచులో నడిచే రోడ్లు, ఇవన్నీ సమకూరాయి. ఒక సైన్యాధిపతి పదవీకాలంలో ఎక్కువ భాగం గడిచేది ఇలాంటి పనుల్లోనే. యుద్ధాల చరిత్రలో దీనికి ఒక పేరా దొరకడమే గొప్ప.

1964 మే 27న నెహ్రూ చనిపోయారు. గాంధీ అంతిమయాత్ర రోజున జనం తోపులాట ఎలా అదుపు తప్పిందో చౌదరికి గుర్తుంది. ముందు జాగ్రత్తగా ఢిల్లీకి అదనంగా కొన్ని వేల మంది సైనికులను రప్పించారు. ఇది కొందరు పాలకులకు వేరే విధంగా కనిపించింది. సైన్యాధిపతి మనసులో ఏదైనా ఉందా అన్న అనుమానం పుట్టింది. ఆయన వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఏదీ జరగలేదు. శాస్త్రి ప్రధాని అయ్యారు, చౌదరి ఆయనకు సెల్యూట్ చేశారు. ఒకప్పుడు రాష్ట్రాన్ని ఏలిన జనరల్ కాకపోయి ఉంటే ఆ అనుమానం అంత బలంగా వచ్చేదా అని ఆలోచించాల్సిందే.

1965

1965 సెప్టెంబర్ 1న పాకిస్తాన్ ఛంబ్ మీద విరుచుకుపడింది. ఆరో తేదీన మన సైన్యం పంజాబ్‌లో అంతర్జాతీయ సరిహద్దు దాటి లాహోర్ వైపు కదిలింది. తీర్మానం శాస్త్రిది. దాన్ని అమలు చేసిన యంత్రం చౌదరిది.

ఆ యుద్ధంలో ఆయన పాత్రపై విమర్శలు గట్టివే. ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు లోపలికి చొచ్చుకొచ్చినప్పుడు, బియాస్ నది వెనక్కి తగ్గమని చౌదరి సూచించారని, తాను ఒప్పుకోలేదని పశ్చిమ కమాండ్ అధిపతి హర్‌బక్ష్ సింగ్ తన పుస్తకంలో రాశారు. వెనక్కి తగ్గి ఉంటే అమృత్‌సర్ దాకా నేల పోయేది. అసల్ ఉత్తర్ దగ్గర ఆ ట్యాంకులు చెరకు తోటల బురదలో కూరుకుపోయాయి. హవల్దార్ అబ్దుల్ హమీద్ వీరమరణం అక్కడే. సియాల్‌కోట్ వైపు 1వ ఆర్మర్డ్ డివిజన్, అంటే 1948లో హైదరాబాద్ మీదకు చౌదరి నడిపిన డివిజన్, ఫిలోరా గెలిచింది గానీ చవిండా దగ్గర ఆగిపోయింది.

ఇంకో మాట అంతకన్నా బరువైనది. యుద్ధం ఇంకొంత కాలం సాగిస్తే గెలుస్తామా అని శాస్త్రి అడిగినప్పుడు, మందుగుండు చాలావరకు అయిపోయిందని చౌదరి చెప్పారంటారు. తర్వాత తేలిన లెక్కల ప్రకారం వాడింది 14 శాతమే. సెప్టెంబర్ 23 తెల్లవారుజామున కాల్పులు ఆగాయి. ప్రధానికి సరైన అంకె అంది ఉంటే ఏం జరిగేదన్నది ఇప్పటికీ సైనిక చరిత్రకారులు వాదించుకునే విషయం. పౌర ప్రభుత్వానికి సైన్యాధిపతి చేసే అతి పెద్ద సేవ నిజమైన లెక్క చెప్పడం. ఆ ఒక్క చోట తడబడితే మిగతా అంతా నేర్పుగా చేసినా చాలదు.

చౌదరి 1966 జూన్‌లో రిటైరయ్యారు. అదే ఏడాది పద్మవిభూషణ్ వచ్చింది. మూడేళ్లు కెనడాలో భారత హైకమిషనర్‌గా పనిచేశారు. పత్రికలకు సైనిక వ్యాసాలు రాశారు. 1978లో ఆయన ఆత్మకథ వెలువడింది. 1983 ఏప్రిల్ 6న కన్నుమూశారు. సరిగ్గా అదే కాలంలో సైన్యాధిపతిగా ఉన్నది శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన తెలుగువాడు, జనరల్ కె.వి. కృష్ణారావు.

గోదావరి దాటిన కథ

హైదరాబాద్‌లో ఏటా సెప్టెంబర్ 17 వస్తే ఆ రోజుకు ఏ పేరు పెట్టాలన్న తగువు మొదలవుతుంది. ఒకరు విమోచనం అంటారు, ఇంకొకరు సమైక్యత అంటారు, 2024 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంటోంది. అందరి చూపూ 17వ తేదీ మీదే. 18 నుంచి మొదలైన సైనిక పాలన గురించి ఏ వేదిక మీదా మాట వినిపించదు.

కానీ ఆ కథ తెలంగాణలో ఆగలేదు. 1980లో పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి బస్తర్ అడవుల్లోకి వచ్చాయి. వచ్చినవాళ్లలో చాలామంది ఆ పాత నల్లగొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల పిల్లలే. 2005లో దంతెవాడ వైపు సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. జనం రోడ్ల పక్క క్యాంపుల్లోకి చేరారు. క్యాంపులకు వెళ్లడం ఇష్టం లేని వేలమంది గోదావరి దాటి ఖమ్మం అడవుల్లోకి వెళ్లారు. ఒకప్పుడు కోయ పల్లెలను ఖాళీ చేయించిన నేల మీదే ఇంకో తరం ఆదివాసీలు గుడిసెలు వేసుకున్నారు. మామూలు ఆదివాసీ యువకుల చేతికి తుపాకులిచ్చి పోలీసు పని చేయించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈసారి రాజ్యాంగం వర్తించదని ఎవరూ వాదించే వీలు లేదు.

ఛత్తీస్‌గఢ్‌లో సైనిక గవర్నర్ లేరు. సాయుధ దళాల ప్రత్యేక అధికారాల చట్టం ఇక్కడ ఎన్నడూ అమలు కాలేదు. జగ్దల్‌పూర్ ఊళ్ల నుంచి వచ్చిన ఫిర్యాదు హైకోర్టు దాకా వెళ్లగలదు, ఆలస్యంగానైనా, అరకొరగానైనా. ఫిర్యాదు చేసే చోటు, ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ల చోటు వేర్వేరుగా ఉన్నాయి. ఆ తేడా ఎంత విలువైందో 1949లో నల్లగొండ ట్రిబ్యునల్ ముందు నిలబడ్డ రైతుకు బాగా తెలుసు.

సైన్యాన్ని ఎందుకు దించరు అని రాయ్‌పూర్‌లో అడిగేవాళ్లలో ఎక్కువమంది కోపంతో, దుఃఖంతో అడుగుతారు. వాళ్లను తప్పు పట్టలేం. చనిపోయిన జవాన్లలో వాళ్ల ఊరి పిల్లలున్నారు. కానీ ఒకసారి దించిన అనుభవం మన దగ్గర ఉంది. పంపింది మంచి పేరున్న సేనానిని. ఆయన ఐదు రోజుల్లో గెలిచారు, చెప్పిన రోజు కుర్చీ దిగారు, తర్వాత దేశ సైన్యాన్నే తిరిగి నిలబెట్టారు. ఇన్ని చేసిన మనిషి ఏలుబడిలో ఎంతమంది చనిపోయారో చెప్పే లెక్క మాత్రం ఈ రోజుకీ ప్రభుత్వం దగ్గర నుంచి రాలేదు.